పోస్టాఫీసు గోడకు పట్టీలు

"ఈ గోడ పడిపోతుందే అమ్మడూ. ఇవాళ కాకపోతే రేపు పడుతుంది. నా మాట విని ఆ బల్ల కాస్త ఇవతలికి జరుపుకో. పడ్డాక మాత్రం, ముందే ఎందుకు చెప్పలేదమ్మా అని నన్నడక్కు."

అప్పటికింకా ఏమీ జరగలేదు. తెల్లారి తలుపులు తీశారు, అంతే. కూతురు తపాలా సంచి మీది లక్క ముద్ర కూడా ఇంకా పగలగొట్టలేదు. గోడ తన మానాన తను నిలబడి ఉంది. కట్టిన నాటినుంచీ అది చేస్తున్న ఉద్యోగం అదొక్కటే. ఒక్కరోజు సెలవు పెట్టిన పాపాన పోలేదు.

"పడితే అందరికన్నా ముందు నీకే తెలుస్తుందిలే అమ్మా," అంది కూతురు, తేదీ ముద్రలో అంకెలు మారుస్తూ. "రోజంతా దాన్నే కాపలా కాస్తున్నావుగా."

"నవ్వు, నవ్వు. ఏడవడానికి ఎంతోసేపు పట్టదు."

ఆ తల్లి తీరే అంత. చదివింది ఐదో తరగతి. పేపరు మాత్రం రోజూ చదివేది, అందులోనూ ప్రమాదాల వార్తలే. ఎక్కడో బస్సు బోల్తా పడిందని చదివితే ఇక్కడ కూతుర్ని నడిచి వెళ్ళమనేది. నడిచి వెళ్తుంటే కుక్క కరుస్తుందేమోనని మళ్ళీ వెనక్కి పిలిచేది. పాలు పొంగితే ఇల్లు అంటుకుందనుకునేది, పొంగకపోతే విరిగిపోయాయనుకునేది. కూతురు పోస్టుమాస్టరుగా ఈ చిన్న ఊరికి బదిలీ అయినప్పుడు, ఒక్కదాన్నే పంపితే ఏం కొంప మునుగుతుందోనని మూట సర్దుకుని వెంట వచ్చేసింది. వచ్చిన కొద్దిరోజులకే ఊరు ఆవిడకి 'అయ్యోపిన్ని' అని పేరు పెట్టింది. కవరు కొనుక్కోవడానికి వచ్చినవాళ్ళు సైతం, "ఏం పిన్నీ, ఇవాళ అయ్యో దేనికి?" అని పలకరించి మరీ పోయేవారు. ఆవిడా లోటు రానిచ్చేది కాదు. వాళ్ళ దగ్గును బట్టి, వాళ్ళ చెప్పుల అరుగుదలను బట్టి, ఏదో ఒక అయ్యో అప్పటికప్పుడు వెతికి ఇచ్చేది.

కూతురికి మాత్రం ఆ పోస్టాఫీసంటే ప్రాణం. అంతకుముందు ఆమె పనిచేసింది ఇనప షట్టరు వేసిన ఒక కొట్టుగదిలో. పగలే దీపం వెలిగించాలి, ఇద్దరు మనుషులు నిలబడితే మూడోవాడు వీధిలో ఉండాలి. ఇక్కడ అలా కాదు. ముందు వరుసగా కమానులున్న పొడుగాటి వరండా, ఎండైనా వానైనా జనం దాని కిందే నిలబడొచ్చు. లోపల హాలు. పైకప్పు ఎంత ఎత్తంటే, మాట్లాడితే మాట ఒకసారి పైకి వెళ్ళి దూలాలు చూసి వచ్చేది. గోడలు మూరల మందం. కిటికీ గూట్లో మనిషి కాళ్ళు ముడుచుకుని కూర్చోవచ్చు. టేకు చెక్క కౌంటరు అంచు, ఎన్ని తరాల మోచేతులు ఆనాయో గాని, రోలు అంచులా నున్నగా లోపలికి అరిగిపోయింది.

గుర్రాల మీద తపాలా వచ్చే కాలంలో కట్టారట దాన్ని. హాలు వెనక భాగం అప్పట్లో గుర్రాల కొట్టం. ఇనప కడియాలు ఇంకా గోడలోనే ఉన్నాయి. కూతురు వాటికి తపాలా సంచులు తగిలించేది, పోస్ట్‌మ్యాన్ గొడుగు తగిలించేవాడు. వీధి గోడకి ఉత్తరాలు వేసే నోళ్ళు రెండున్నాయి. ఒకటి మనిషి చెయ్యి పెట్టే ఎత్తులో. రెండోది ఎవరికీ అందనంత పైన.

"ఆ పైది గుర్రం దిగకుండా ఉత్తరం వేసేవాళ్ళ కోసం అమ్మా. ఎంత ముందుచూపో చూడు," అని కూతురు మురిసిపోయేది.

"ముందుచూపు లేదు, ఏమీ లేదు. ఆ కన్నంలోంచి ఏ పామో దూరిందంటే నేరుగా నీ ఒళ్ళోకే," అనేది తల్లి.

కౌంటరు మూశాక కూతురు చిన్న చాకు తీసుకుని గోడ మూల సున్నం పొరలు పొరలుగా గీకి చూసేది. తెలుపు కింద పసుపు, పసుపు కింద లేత నీలం, నీలం కింద మళ్ళీ తెలుపు. "ఒక్కొక్క పోస్టుమాస్టరుది ఒక్కొక్క రంగు," అనేది. ఆ గీకుడు తల్లి చూడలేకపోయేది. ఉన్న గోడే ఎప్పుడు పడుతుందో తెలీకుండా ఉంటే, కన్నకూతురే దాన్ని చాకుతో గీకుతోంది.

గోడలకి బీటలున్న మాట అబద్ధం కాదు. కిటికీ మూలనుంచి పైకి ఒకటి, తలుపు పైనుంచి దూలం దాకా ఒకటి, తామున్న వెనక గదుల్లో కొన్ని. ముసలివాడి ముఖాన ముడతల్లాంటివని కూతురు అనేది. ముడతలొచ్చాక ఏమొస్తుందో తనకి తెలుసని తల్లి అనేది.

ఈ తగువు రోజూ వింటున్న పోస్ట్‌మ్యాన్‌కి ఒకనాడు జాలేసింది. అతను ఆవిడని అక్కా అని పిలిచేవాడు.

"అక్కా, నువ్విలా రోజూ గోడని తిట్టే బదులు దాన్నే అడగొచ్చుగా? మా నాన్న తాపీమేస్త్రీ. బీట పాతదా, ఇంకా కదులుతోందా అని తేల్చుకోవాలంటే దాని మీద అడ్డంగా ఓ కాగితం పట్టీ అంటించేవాడు. కాగితం నిలిచిందా, గోడ నిద్రపోతోందన్నమాట. చిరిగిందా, నడుస్తోందన్నమాట."

"ఇంత మంచి మాట ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నావా తమ్ముడూ!" అంటూ ఆవిడ ఆ పూటే పనికి దిగింది.

పోస్టాఫీసులో కాగితానికి కరువా, జిగురుకి కరువా! స్టాంపుల షీట్లకి చుట్టూ తెల్లటి అంచులుంటాయి. స్టాంపులన్నీ చింపి అమ్మేశాక ఆ అంచులు మిగులుతాయి. వెనక జిగురు రాసే ఉంటుంది, తడి చేస్తే చాలు, అంటుకుంటుంది. చిరిగిన కవర్లకి అతికించడానికి కూతురు వాటిని ఒక రేకు డబ్బాలో దాచేది. తల్లి ఆ డబ్బా ఖాళీ చేసింది. ఆవిడ ఏ పని చేసినా పొందిగ్గా చేసే మనిషి. ఒక్కో అంచుని సమానంగా తుంపి, సరిగ్గా మధ్య భాగం బీట మీదికి వచ్చేలా చూసి, తడి వేలితో ఒత్తి ఒత్తి అంటించింది. నిచ్చెన వేసుకుని తలుపు పైదానికీ వేసింది. నిచ్చెన ఎక్కుతూ తను పడిపోతాననే భయం మాత్రం ఆ ఒక్కరోజూ ఆవిడకి గుర్తు రాలేదు. మిగిలిన ముక్కలు వృథా ఎందుకని వంటింటి డబ్బాలకి చుట్టి ఉప్పు, పంచదార, టీపొడి అని రాసుకుంది.

సాయంత్రానికి హాలు ఆసుపత్రిలా ఉంది. ఎటు చూసినా కట్లు.

"గోడకి దెబ్బలు తగిలాయా పిన్నీ?" అని జనం నవ్వారు. కూతురు తల పట్టుకుంది.

ఎండలు మండే రోజులు. వడగాలి వరండాలోంచి హాల్లోకి, హాల్లోంచి వెనక గదుల్లోకి తిరుగుతోంది. నాలుగైదు రోజులు గడిచాయో లేదో, కిటికీ మూల పట్టీ చిరిగింది. మధ్యకి, కత్తిరించినట్టు. ఆ మర్నాడు తలుపు పైది. తరవాత ఒకదాని వెనక ఒకటి, అన్నీ.

"అయ్యో, అయ్యో! నేను చెప్పలేదూ! గోడ నడుస్తోందే! పరిగెడుతోందే!"

నవ్విన జనం నవ్వడం మానేశారు. పోస్ట్‌మ్యాన్ బుర్ర గోక్కున్నాడు. కూతురు ఆ రోజు మొదటిసారి బల్లని కాస్త ఇవతలికి జరుపుకుంది.

పులి మీద పుట్రలా సరిగ్గా ఆ వారమే పెద్దాఫీసరు తనిఖీకి వచ్చాడు. లోపలికి అడుగు పెడుతూనే గోడల నిండా చిరిగిన తెల్ల పట్టీలు చూసి ఆగిపోయాడు. ఏమిటివని అడిగాడు. కూతురు నోరు తెరిచేలోగా తల్లి మొదలెట్టేసింది. ఎవరైనా తన భయాన్ని అంత శ్రద్ధగా వినడం ఆవిడ జీవితంలో అదే మొదలు. గుర్రాల కొట్టం దగ్గర్నుంచి దూలాల దాకా, చూసింది, అనుకున్నది, కలలోకి వచ్చింది, అన్నీ చెప్పింది. ఆఫీసరు వింటూ వింటూ, పైకప్పు వంక చూస్తూ చూస్తూ, వెనక్కి వెనక్కి నడుస్తూ పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. అక్కణ్ణుంచే హుకుం వేశాడు. హాల్లో ఎవరూ కూర్చోకూడదు. ఇంజినీరు వచ్చి చూసేదాకా కౌంటరు బయటే నడపాలి. గోడలు కదులుతున్నాయని ఇంజినీరు తేల్చాడంటే, పోస్టాఫీసు బజారులో పిండిమర పక్క గదికి మారుతుంది, ఈ భవనాన్ని పడగొట్టేస్తారు.

"ఇనప షట్టరుందా ఆ గదికి?" అని మాత్రం అడిగింది కూతురు.

"ఉంది. కొత్తది," అన్నాడు ఆఫీసరు, అదేదో శుభవార్త అయినట్టు.

ఆ మర్నాటినుంచి పోస్టాఫీసు పెరట్లోకి వచ్చింది. రెండు బల్లలు, ఒక పెట్టె, ఎండకి అడ్డంగా ఒక పరదా. జనానికి అదో తమాషా. గాలి వచ్చినప్పుడల్లా మనియార్డరు ఫారాలు ఎగిరిపోయేవి, వరసలో ఉన్నవాళ్ళందరూ వాటి వెంట పరుగు తీసేవారు, పట్టుకున్నవాడు గెలిచినట్టు చెయ్యెత్తేవాడు. కాగితాల మీద బరువుకి పెట్టిన రాయి ఒకదాన్ని రిజిస్టరు పార్సిలనుకుని ఒక పెద్దాయన రసీదు అడిగాడు. అందరూ నవ్వారు. కూతురు కూడా నవ్వింది. కౌంటరు మూశాక మాత్రం తాళం వేసిన హాలు కిటికీ దగ్గర నిలబడి లోపలికి చూస్తూ ఉండిపోయింది.

తల్లి అది చూసింది. గోడ పడుతుందని ఆవిడ ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు గాని, పడితే కూతురి ముఖం ఎలా ఉంటుందో మాత్రం ఒక్కసారీ అనుకోలేదు.

"ఏడుపొస్తే ఏడువు. అంతే గాని అలా చూడకే," అంది దగ్గరికి వెళ్ళి. "ప్రాణం కన్నా గోడ ఎక్కువా?"

"కాదమ్మా. నువ్వు చేసింది తప్పని నేననలేదుగా," అంది కూతురు. "గోడే అలా చేసింది. దాని మీదే నాకు కోపం."

ఆ మాటతో తల్లికి అన్నం సయించలేదు. తిడితే బాగుండేది.

మర్నాడు మధ్యాహ్నం టీ పెడదామని వంటింట్లోకి వెళ్ళి పంచదార డబ్బా అందుకుంది. దాని చుట్టూ తను అంటించిన పట్టీ మధ్యకి చిరిగి ఉంది. 'పంచ' ఒక వైపు, 'దార' ఒక వైపు. ఉప్పు డబ్బా చూసింది. అదీ అంతే. టీపొడి డబ్బా చూసింది. ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

డబ్బాలకి కూడా బీటలుంటాయా? ఉప్పు డబ్బా కూడా నడుస్తోందా?

డబ్బాని వెలుతురులోకి పట్టుకుని చూసింది. చిరిగిన చోట అంచు రంపపు పళ్ళలా ఉంది. స్టాంపు అంచులా ఉంది. అప్పుడు తెలిసింది. స్టాంపులు చింపుకోవడానికి షీటులో గుచ్చిన చిల్లుల వరసలు తెల్ల అంచుల మీదుగా కూడా పోతాయి. తను పొందిగ్గా, సమానంగా తుంపి, సరిగ్గా మధ్య భాగం బీట మీద పెట్టింది. ఆ మధ్య భాగమే చిల్లుల వరస. తడి జిగురు వడగాలికి ఎండి బిగుసుకునేసరికి కాగితం ఎక్కడ బలహీనంగా ఉందో అక్కడ పుటుక్కుమంది. చిరగడానికే చేసిన కాగితాన్ని గోడకి అంటించి, చిరిగిందని గోడని తిట్టింది.

డబ్బా చంకలో పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తింది.

"అమ్మడూ! గోడ నడవట్లేదే! కాగితమే! నీ స్టాంపుల కాగితమే!"

వరసలో ఉన్నవాళ్ళందరూ డబ్బాని చేతులు మార్చుకుంటూ చూశారు. పోస్ట్‌మ్యాన్ కడుపు పట్టుకుని నవ్వాడు. "అక్కా, మా నాన్న గోడలకి కాగితం అంటించాడు గాని, పోస్టాఫీసు సొమ్ము అంటించలేదే!" కూతురు నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"బాగానే ఉందమ్మా. కానీ ఇన్నాళ్ళూ పడుతుంది పడుతుందని ఊరంతా చాటావు. ఇప్పుడు పడదని నువ్వే అంటే ఎవరు నమ్ముతారు?"

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. నిజమే మరి. పడుతుందని చెప్పడం ఆవిడకి అలవాటు, పడదని చెప్పడం కొత్త. ఆ మాటకి నోరు సరిగ్గా తిరగడం లేదు కూడా.

ఇంజినీరు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ముఖంలో ఏ భావమూ లేని మనిషి. మాటకి సుంకం కట్టాలన్నట్టు పొదుపుగా ఉండేవాడు. తల్లి డబ్బా ఆయన చేతిలో పెట్టి జరిగినదంతా చెప్పింది. మధ్యలో ఆయన 'ఊ' అనైనా అంటాడని ఆగి చూసింది. అనలేదు. డబ్బాని అటూ ఇటూ తిప్పి, మూత తీసి, లోపల పంచదారే ఉందని చూసి, తిరిగి ఇచ్చేశాడు. సంచిలోంచి మామూలు పల్చటి తెల్ల కాగితం తీశాడు. పిండి ఉడికించి జిగురు చేసి ఇమ్మని సైగ చేశాడు. ప్రతి బీట మీదా తనే స్వయంగా కొత్త పట్టీలు అంటించాడు. వెనక గదుల్లోనూ వేశాడు, వంటింట్లో డబ్బాల అలమర వెనక కూడా వేశాడు.

"పడుతుందా నాయనా?" అని అడిగింది.

"వానలు వెలిశాక చూస్తాను," అన్నాడు. అంతకుమించి ఒక్క ముక్క ఎక్కువ లేదు.

ఆ ఏడు వానలు మామూలుగా రాలేదు. కుండపోత. పెరట్లోని కౌంటరు వరండాలోకి వచ్చింది. కమానుల మీంచి నీళ్ళు తెరల్లా దిగేవి, ఆ తెరల వెనక కూతురు ముద్ర కొడుతుంటే టక్ టక్ అని వీధి చివరిదాకా వినిపించేది. తల్లి పొద్దున్న లేస్తూనే దీపం పట్టుకుని పట్టీలన్నీ చుట్టి వచ్చేది. ఇన్నాళ్ళూ గోడ పడుతుందని భయం, ఇప్పుడు కాగితం చిరుగుతుందని భయం. భయం అదే, వైపు మారింది. అదే గోడని ఇప్పుడు అరచేత్తో తడిమి, "కాస్త ఓర్చుకో నాన్నా, ఇంకెన్నాళ్ళో లేవు," అని బుజ్జగించేది.

"అక్కా, గోడకి దిష్టి కూడా తీస్తావా ఏంటి?" అనేవాడు పోస్ట్‌మ్యాన్.

"నీ నోరు మంచిది కాదు తమ్ముడూ, పనికి పో."

వానలు వెలిశాయి. ఇంజినీరు వస్తున్నాడని కబురు వచ్చింది. ఆ పొద్దున ఆవిడ చివరిసారిగా అన్నీ చూసుకుంది. కిటికీ మూలది నిక్షేపంగా ఉంది. తలుపు పైది ఉంది. గుర్రాల కొట్టం వైపుదీ ఉంది. పోయిన ప్రాణం లేచి వచ్చినట్టై, వంటింట్లోకి వచ్చి డబ్బాల అలమర కాస్త జరిపి చూసింది. ఆ మూల పట్టీ చిరిగి ఉంది. చిల్లులు లేవు, రంపపు పళ్ళు లేవు. అడ్డదిడ్డంగా, నిజంగా చిరిగింది.

అక్కడే కూలబడింది. ఉత్తరాల సంచి అందుకోవడానికి వచ్చిన పోస్ట్‌మ్యాన్ ఆవిడ చూపు వెంట చూశాడు. తరవాత గొంతు తగ్గించాడు.

"ఒక్క ముక్క కదా అక్కా. మిగతావన్నీ నిలిచాయి. అదిగో కాగితం, పిండి నీ దగ్గరే ఉంది. పాతది పీకి కొత్తది వెయ్యి. ఎవరికి తెలుస్తుంది?"

ఆవిడ లేచింది. పిండి కలిపింది కూడా. కాగితం తుంపింది. గిన్నెలో వేలు ముంచింది. బయట వరండాలో కూతురు ముద్ర కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ గదిలోకి కూతురు రోజుకి ఎన్నిసార్లు వస్తుందో, ఆ మూలనే నిలబడి టీ తాగుతూ ఎంతసేపు కబుర్లు చెబుతుందో తలుచుకుంది.

"నాకు తెలుస్తుంది తమ్ముడూ," అంది. "అసలే నిద్ర పట్టని దాన్ని. ఇది కూడా దాచుకుంటే ఇంక కునుకైనా పడుతుందా? భవనం పోతే పిల్ల ఏడుస్తుంది. ఏడిస్తే ఓదారుస్తాను. పిల్లే లేకపోతే ఎవర్ని ఓదార్చను?"

గిన్నె తీసుకెళ్ళి కడిగేసింది. వరండాలోకి వెళ్ళి కూతురి పక్కన నిలబడింది.

"ఒకటి చిరిగిందే," అంది.

కూతురి చేతిలో ముద్ర గాల్లోనే ఆగింది. వరసలో వాళ్ళు కూడా అడుగు కదల్లేదు. కాసేపటికి ముద్ర నెమ్మదిగా కవరు మీదికి దిగింది.

"ఆయన్ని చూడనియ్యి అమ్మా," అంది కూతురు.

ఇంజినీరు వచ్చి హాలంతా తిరిగాడు. ప్రతి పట్టీ దగ్గరా ఆగి గోటితో తాకి చూశాడు. చిన్న కొయ్య సుత్తితో గోడని తట్టి, చెవి ఆనించి విన్నాడు. కడియాలు లాగి చూశాడు. దూలాల వంక చూశాడు. మంచిదన్నాడా, లేదు. చెడ్డదన్నాడా, అదీ లేదు. ఆయన వెనకే తల్లి, తల్లి వెనకే కూతురు, కూతురి వెనక పోస్ట్‌మ్యాన్, అందరికీ వెనక కవర్లు కొనడానికి వచ్చి పని మరిచిపోయినవాళ్ళు. మాట్లాడకుండా నడవడం ఆవిడ పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

"ఇంకొకటుంది నాయనా," అంది చివరికి. "దాచడం చేతకాదు నాకు. ఇటు రా."

వంటింట్లోకి తీసుకెళ్ళి, తనే అలమర జరిపి చూపించింది. ఆయన వంగి చూశాడు. చిరిగిన కాగితాన్ని కాదు, దాని కింది మూలని. పాత గోడని తట్టాడు, నిండుగా పలికింది. పక్క గోడని తట్టాడు, డొల్లగా పలికింది. బయటికి వెళ్ళి పెరట్లోంచి చూసి వచ్చాడు. జేబులోంచి తాళంచెవి తీసి మూల సున్నం గీకాడు. పాత గోడ మీద తెలుపు కింద పసుపు, పసుపు కింద నీలం కనిపించాయి. ఆ నీలం రంగు వంటింటి గోడ వెనక్కి దూరిపోయి ఉంది. వంటింటి గోడ మీద తెలుపు కింద తెలుపు తప్ప మరే రంగూ లేదు. సందులో తాళంచెవి పెడితే పిడి దాకా లోపలికి దిగిపోయింది.

"పడుతుందా నాయనా?" అని అడిగింది తల్లి.

ఆయన తాళంచెవి బయటికి తీశాడు. రుమాలుతో తుడుచుకున్నాడు. గోడ వంక చూశాడు, పైకప్పు వంక చూశాడు, పొయ్యి వంక చూశాడు. కూతురు గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. పోస్ట్‌మ్యాన్ భుజం మీద సంచి జారిపోతున్నా ఎత్తుకోలేదు. తల్లి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది, ఇంకో మాట దానంతటదే బయటికి వస్తుందేమోనని. పొయ్యి మీద ఎసరు మరుగుతున్న చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు. అదీ చాలాసేపు మరిగింది.

"అమ్మగారూ," అన్నాడు ఇంజినీరు, "మీ భయం నిజమే, కాకపోతే గది తప్పింది. ఆ పాత గోడ కొండ. దానికి ఏ పోస్టుమాస్టరో తరవాత ఈ వంటిల్లు తెచ్చి ఆనించాడు గాని, కలిపి కట్టలేదు. పోస్టాఫీసు ఎక్కడికీ పోదు. మీ వంటిల్లే దాన్ని వదిలి పోతోంది. ముందు ఆ ఎసరు దించి, పొయ్యి బయట పెట్టుకోండి."